పాములు పట్టడం వచ్చు, సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. వయసు 23, కెమిస్ట్రీతో బీఎస్సీ అయిపోయింది. మూడేళ్ళుగా పాములు పడుతున్నాను, ఒక్కసారి కూడా కాటు పడలేదు. రైస్ మిల్లుల వాళ్ళు, కాలనీల వాళ్ళు ఫోన్ చేస్తారు, ఐదొందలో వెయ్యో ఇస్తారు. ఈ మధ్య కోతులకీ అడవిపందులకీ కూడా పిలుస్తున్నారు. దీన్నే పనిగా పెట్టుకుని ఒక సర్వీసు మొదలుపెడదామని ఉంది. అమెరికాలో దీనికి పరీక్ష, లైసెన్సు ఉంటాయని అక్కడున్న మా బావ చెప్పాడు. ఇక్కడ ఆన్‌లైన్‌లో రెండు గంటల క్లాసు విని మూడు వేలు కడితే 'సర్టిఫైడ్ స్నేక్ క్యాచర్' అని ఐడీ కార్డు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్. ఇంకో మాట, మొన్న పట్టిన నాగుపాము డబ్బాలో ఉంది. ఆదివారం కాలేజీలో జూనియర్లకి చూపిద్దామని ఉంచాను. ఆ డెమోలో ఏం చెబితే బాగుంటుందో కూడా చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ, నీ ప్రశ్నల్లో చివరిది ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది ఆదివారం దాకా ఆగేది కాదు. ఆ డెమో వద్దు. ఇది చదవగానే మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, పాము ఎక్కడ పట్టావో ఎప్పుడు పట్టావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళు రమ్మంటే తీసుకెళ్ళు, బీట్ ఆఫీసరే వస్తానంటే ఆయన ముందే వదిలెయ్యి. ఈలోగా డబ్బాని నీడలో, చడీచప్పుడు లేనిచోట ఉంచు. మూత తీసి చూడొద్దు, పాలు పొయ్యొద్దు, ఇంకెవరినీ దగ్గరికి రానివ్వొద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల వెయ్యడం, ఉచ్చు పెట్టడం, చివరికి ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేట కిందికే వస్తాయి. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చాక నాగుపాము, రక్తపింజర, మనం రోజూ చూసే జెర్రిపోతు కూడా షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులి ఉన్న షెడ్యూల్‌లోనే. ఆ షెడ్యూల్ జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు, పైన 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. నువ్వు దాన్ని చంపలేదు, కాపాడావు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ డబ్బాలో నాలుగు రోజులు ఉంచిన పాముని, కాలేజీలో పడగ విప్పించిన వీడియోని ముందు పెట్టుకుని కూర్చున్న అధికారికి ఆ తేడా వివరించడం చాలా కష్టం. పట్టిన వన్యప్రాణి పట్టినవాడిది కాదు, సెక్షన్ 39 ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. వీడియో కోసం ఒక్క పూట ఉంచుకోవడానికి కూడా మనకి హక్కు లేదు.

జూనియర్లకి చెప్పాలనుకుంటే ఫోటోలతో చెప్పు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ తెర మీద పెద్దగా చూపించి, రాత్రి కింద పడుకునేవాళ్ళు దోమతెర అంచు పరుపు కిందికి దోపుకోవాలని, కాటు పడితే కట్టు కట్టకుండా, గాటు పెట్టకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108లో పెద్దాసుపత్రికి పోవాలని చెబితే చాలు. పడగ విప్పిన పాముని చూసిన పిల్లలకి పడగే గుర్తుంటుంది, దోమతెర గుర్తుండదు.

ఇక ఐడీ కార్డు సంగతి. ఆ మూడు వేలు కట్టకు. అటవీ శాఖ గుర్తించకపోతే ఆ కార్డుకి మెళ్ళో వేసుకునే ప్లాస్టిక్ ముక్కకి ఉన్న విలువే ఉంటుంది, పైగా అది చూసి జనం నిన్ను నమ్ముతారు కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండు గంటలు తెర ముందు కూర్చుంటే కట్లపాముకీ దాన్నే పోలిన, విషం లేని తోడేలు పాముకీ తేడా రాదు. కట్లపాముకి తెల్ల గీతలు తోక వైపు స్పష్టంగా, చాలాసార్లు జంటలుగా ఉంటాయి, తల దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోతాయి, వీపు నడుమ పొలుసులు పెద్దగా ఆరు పలకలుగా ఉంటాయి. తోడేలు పాముకి గీతలు మెడ దగ్గరే మొదలై తోక వైపు పోతూ పలచబడతాయి. ఇది రాసుకుంటే రెండు వాక్యాలే, కానీ రాత్రి పదకొండింటికి, కరెంటు పోయిన ఇంట్లో, బీరువా కింద చుట్టుకుని ఉన్నదాన్ని టార్చి వెలుగులో చూసి చెప్పాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కూడా అనుమానం వస్తే విషప్పాము అనుకునే పని చేస్తారు. రక్తపింజర పిల్లని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో తీసి చేతులు పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు.

మీ బావ చెప్పింది నిజమే. అమెరికాలో ఇళ్ళలోకి వచ్చే రకూన్లు, ఉడతలు, గబ్బిలాల్ని పట్టే పని ఒక వృత్తి, చాలా రాష్ట్రాల్లో దానికి రాష్ట్ర వన్యప్రాణి శాఖ లైసెన్సు కావాలి. న్యూయార్క్‌లో అయితే రాత పరీక్ష పాసవ్వాలి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళ సంఘం ఒకటి విడిగా శిక్షణ పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది గానీ అది నైపుణ్యానికి గుర్తు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సుకి బదులు కాదు. నేర్చుకున్నావన్న కాగితం వేరు, చెయ్యొచ్చన్న అనుమతి వేరు. ఇక్కడైనా అంతే.

మన దేశంలో ఈ విషయంలో కేరళ ముందుంది. 2020లో అక్కడ ఒక భర్త నాగుపాముతో భార్యని కరిపించి చంపిన ఉత్ర కేసు గుర్తుండే ఉంటుంది, ఆ పాము అతనికి డబ్బులకి అమ్మింది ఒక పాములు పట్టేవాడే. ఆ ఏడాదే కేరళ అటవీ శాఖ నియమాలు తెచ్చింది. శాఖ దగ్గర శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందినవాళ్ళే పాములు పట్టాలి, వాళ్ళ పేర్లు 'సర్ప' అనే యాప్‌లో ఉంటాయి, ఇంట్లో పాము కనపడితే దగ్గర్లో ఉన్న రెస్క్యూయర్‌ని అందులోనే పిలవొచ్చు. అక్కడ నేర్పేది ఏమిటంటే పాముని ముట్టుకోకుండా సంచిలోకి పంపడం. గుడ్డసంచి మూతికి ఒక పీవీసీ పైపు బిగించి, ఆ పైపు నోరు పాము ముందు పెడితే, చీకటి కన్నం కనపడగానే అది తనంతట తనే లోపలికి పోతుంది, హుక్కుతో కాస్త దారి చూపిస్తే సరిపోతుంది. మెడ పట్టుకోవడం లేదు, తోక పట్టి వేలాడదీయడం లేదు, చూసేవాళ్ళకి అందులో చప్పట్లు కొట్టడానికి ఏమీ ఉండదు. నాకు ఆ పద్ధతి నచ్చింది కూడా అందుకే.

అదే కేరళలో వావా సురేష్ పేరు వినని వాళ్ళు లేరు. వేల పాములు పట్టిన మనిషి. 2022 జనవరి ఆఖర్లో కొట్టాయం దగ్గర ఒక నాగుపాముని పట్టి సంచిలో వేస్తుండగా అది తొడ మీద కరిచింది, ప్రాణం మీదికొచ్చి వెంటిలేటర్ దాకా వెళ్ళి బతికి బయటపడ్డాడు. పాముని పట్టేటప్పుడు కాదు, సంచిలో వేసేటప్పుడు. నువ్వు 'మూడేళ్ళలో ఒక్క కాటు కూడా పడలేదు' అని రాశావు చూడు, ఆ వాక్యం చదివి నాకు భయం వేసింది. అది నీ పద్ధతి బాగుందని చెప్పదు, ఇంకా పడలేదని మాత్రమే చెబుతుంది.

నా సంగతి చెబుతాను. నేను పాములు పట్టడం మొదలుపెట్టిన కొత్తలో ఒక వంటింట్లో గ్యాస్ సిలిండర్ వెనక నాగుపాము. హుక్కుతో సుఖంగానే ఎత్తి సంచిలో వేశాను, మూతి మెలిపెట్టి ముడివేశాను, హమ్మయ్య అనుకుని సంచి చేత్తో పట్టుకుని గడప దాటబోతుంటే, కింద కుట్టు దగ్గర రెండంగుళాల మేర దారం ఊడిపోయి ఉంది, అందులోంచి తల బయటికి వచ్చింది, నా మోకాలికి జానెడు దూరంలో. సంచి అక్కడే నేల మీద వదిలేసి వెనక్కి అడుగేశాను కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. అప్పటి నుంచి ప్రతి పిలుపుకీ బయల్దేరే ముందు సంచిని తిరగేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కుట్టు అంతా వేలితో తడిమి చూస్తాను. ముడి వేశాక సంచిని గాలికంతలున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను, ఒంటికి తగిలేలా ఎప్పుడూ మొయ్యను. ఇలాంటివి రెండు గంటల క్లాసులో ఎవరు చెబుతారు? పక్కన నిలబడి ఏడాది పాటు ఇంకొకరి సంచి పట్టుకుంటేనే వస్తాయి.

కాబట్టి నేర్చుకోవడం ఇలా మొదలుపెట్టు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్ళ తరబడి అటవీ శాఖతో కలిసి పనిచేస్తోంది. వాళ్ళకి రాసి, వాలంటీరుగా శిక్షణ ఎప్పుడు ఇస్తారో, మీ జిల్లాలో వాళ్ళ మనుషులు ఎవరైనా ఉన్నారో అడుగు. ఆంధ్రా వైపు నుంచి చదివేవాళ్ళకి, విశాఖ, మన్యం ప్రాంతంలో గిరినాగుల (కింగ్ కోబ్రాల) మీద ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ పనిచేస్తోంది. నీకు పాములు పట్టడం వచ్చని వాళ్ళ దగ్గర మొదటి రోజే చెప్పకు, వాళ్ళు పట్టేది చూడు. ఆ తర్వాత, లేదా ఆ పక్కనే, మీ జిల్లా అటవీ అధికారికి ఒక దరఖాస్తు రాయి: ఫలానా మండలాల్లో పాము పిలుపులకి వెళ్ళడానికి శాఖ తరఫున అనుమతి ఇవ్వండి, ప్రతి పిలుపూ రిజిస్టర్‌లో రాస్తాను, ప్రతి పాము వివరం బీట్ ఆఫీసరుకి పంపుతాను అని. కాగితం వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా పిలుపు వస్తే ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేయించు, వాళ్ళు వస్తే వాళ్ళతో పాటు వెళ్ళు. ఒంటరిగా వెళ్ళడం ఇక మానెయ్యి. నువ్వు ఎంత మంచివాడివైనా రెండో మనిషి కావాలి, ఎందుకంటే పాముని చూసేవాడే జనాన్ని కూడా చూసుకోలేడు.

ఈ పనిలో ప్రపంచంలోనే గొప్పవాళ్ళు ఎవరంటే నేను తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగ పేరే చెబుతాను. ఆ తెగ వాళ్ళలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017లో ఫ్లోరిడాకి పిలిపించుకున్నారు, అక్కడ చిత్తడి నేలల్లో పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని వెతికి పట్టడానికి. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అయినా చెన్నై దగ్గర 1978లో పెట్టుకున్న వాళ్ళ సహకార సంఘం ఇవాళ్టికీ అటవీ శాఖ అనుమతి మీదే పాములు పడుతుంది, ఏ జాతి ఎన్ని పట్టాలో లెక్క ఉంటుంది, విషం తీశాక తిరిగి వదిలేస్తారు. మన ఆసుపత్రుల్లో కాటుకి ఇచ్చే మందు తయారీకి చాలావరకు అక్కడి విషమే ఆధారం. వాళ్ళకే అనుమతి కాగితం అవసరమైనప్పుడు మనం దాన్ని చిన్నతనంగా అనుకోకూడదు.

వదిలే సంగతి కూడా నీ ఉత్తరంలో లేదు, కాబట్టి అడుగుతున్నాను, ఎక్కడ వదులుతున్నావు? చాలామంది పాపం మంచి మనసుతోనే ముప్పై నలభై కిలోమీటర్లు పోయి అడవిలో వదిలి వస్తారు. కొత్త చోట దానికి దాక్కునే కన్నం తెలియదు, తిండి ఎక్కడో తెలియదు, అటూ ఇటూ తిరిగి రోడ్డు మీద పడి చస్తుంది, లేదా ఇంకో ఇంట్లో దూరుతుంది. పట్టిన చోటికి దగ్గర్లోనే, ఇళ్ళకి ఎడంగా, ఎలుకలూ పొదలూ ఉన్నచోట, వీలైనంత త్వరగా, అటవీ సిబ్బందికి చెప్పి వదలాలి.

డబ్బుల గురించి. ఈ పని మీద బతకాలనుకోవడం తప్పు కాదు, నీ చదువుకి దారి కూడా ఉంది. కానీ పాముకి ఇంత అని రేటు పెట్టి తిండి సంపాదించాలనుకుంటే ఆ దారి మంచిది కాదు. రేటు పెడితే పాములు ఎక్కువ రావాలని మనసులో ఎక్కడో ఒక మూల కోరిక మొదలవుతుంది. మనం కోరుకోవాల్సింది పిలుపు మళ్ళీ రాకూడదని.

రైస్ మిల్లు సంగతే చూడు. అదే మిల్లు వాళ్ళు నిన్ను ఏడాదికి నాలుగుసార్లు పిలుస్తున్నారంటే అక్కడ పాముల సమస్య కాదు, ఎలుకల సమస్య ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు గోడ అడుగున చూడు, నేల నుంచి అంగుళం రెండంగుళాల ఎత్తులో జిడ్డుగా నల్లటి చార ఉంటుంది, రోజూ ఎలుకలు ఒళ్ళు రాసుకుంటూ పోయే దారి అది. తవుడు బస్తాలు గోడకి ఆనించి పేర్చి ఉంటాయి, షట్టర్ కింద రెండు వేళ్ళు పట్టే సందు ఉంటుంది, మురికినీళ్ళ గొట్టానికి జాలీ ఉండదు, వెనక ఊకకుప్ప దగ్గర కలుగు మూతిలో తాజా మట్టి పొడిపొడిగా ఉంటుంది. డెల్టా పొలాల్లో యానాదులు ఆ మట్టిని చూసే లోపల ఎలుక ఉందో లేదో చెప్పేస్తారు. చిటికెన వేలు కూడా పట్టని కన్నంలోంచి చిట్టెలుక దూరుతుంది, దాని వెనక పాము. బస్తాలు గోడకి అడుగున్నర ఎడంగా దిమ్మెల మీద పెట్టించి, గొట్టాలకి పావంగుళం జాలీ వేయించి, షట్టర్ కింద రబ్బరు పట్టీ కొట్టించి, నెలకోసారి వచ్చి చూసుకునేలా ఒప్పందం రాసుకో. దానికి డబ్బు తీసుకో, బాగా తీసుకో. పాముని పట్టినందుకు దారి ఖర్చులు మాత్రం అడుగు, అది కూడా శాఖ ఒప్పుకుంటేనే.

ఎలుకల మందు వాడకం, చెదలు, పురుగుల నివారణ పనిగా చెయ్యాలంటే దానికి మాత్రం నిజమైన లైసెన్సు ఉంది. 1968 కీటకనాశినుల చట్టం కింద ఉన్న నిబంధనల్లో పెస్ట్ కంట్రోల్ పని చేసేవాళ్ళకి అగ్రికల్చర్ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి, దాంతోపాటు గుర్తించిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ ఉండాలి. ఆ సంస్థల్లో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉన్న ఎన్‌ఐపీహెచ్‌ఎం, అంటే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. నీకు కెమిస్ట్రీ ఉంది, ఆ మూడు వేలు దీని ఫీజుకి దాచుకో. అక్కడి నోటిఫికేషన్ చూసి అప్లై చెయ్యి, సర్టిఫికెట్ వచ్చాక వ్యవసాయ శాఖ దగ్గర లైసెన్సుకి పెట్టుకో. అప్పటిదాకా మిల్లు వాళ్ళు గోళీలు పెట్టమన్నా ముట్టుకోకు. ఆ గోళీల్లో ఉండే అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే గ్యాస్‌కి విరుగుడు లేదు, మూసిన గదిలో మనుషుల ప్రాణాలు తీస్తుంది.

కోతులు, పందులు ఇప్పుడే నెత్తినేసుకోకు. కోతి విషయంలో ముందు ఏ కోతో తెలియాలి: పొట్టి తోక ఎర్రమూతిదా, పొడుగు తోకతో నెత్తిన టోపీలా జుట్టున్నదా. ఒకప్పుడు గోదావరికి ఇవతల రెండోదే ఉండేదంటారు, ఇప్పుడు రెండూ ఉన్నాయి. టోపీ కోతికి షెడ్యూల్ 1 రక్షణ ఉంది, ఎర్రమూతి కోతి 2022 సవరణతో షెడ్యూళ్ళలోంచి పోయింది. పోయినంత మాత్రాన కొట్టొచ్చని, ఎండలో బోనులో కుక్కొచ్చని కాదు, జంతు హింస నిరోధక చట్టం దానికీ వర్తిస్తుంది. ఒక ఊళ్ళో పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదలడం పక్కవాళ్ళ నెత్తిన పెట్టడమే. పంచాయతీ తీర్మానం చేసి అటవీ శాఖ ద్వారా కదలాలి. నిర్మల్ దగ్గర కోతులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం ఉంది, అక్కడికి పంపే వీలుందేమో అధికారుల్నే అడగాలి. అడవిపంది పంట పాడుచేస్తుంటే దాన్ని చంపడానికి అనుమతి సెక్షన్ 11 కింద అధికారం ఉన్నవాళ్ళే రాతపూర్వకంగా ఇస్తారు. కరెంటు తీగ పెట్టమని ఎవరైనా అడిగితే అక్కడి నుంచి వచ్చెయ్యి. ఆ తీగలకి పందులకన్నా ముందు మనుషులు పోయిన ఊళ్ళు ఉన్నాయి.

అమ్మ టెన్షన్ గురించి చివరికి రాస్తున్నాను గానీ అది చిన్న విషయం కాదు. 'ఏం కాదులే అమ్మా' అని చెప్పకు. అవసరం అయితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసేలా ఒక కాగితం రాసి గోడకి అంటించు: యాంటీవీనం ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, రాత్రిపూట అక్కడ డాక్టరు ఉంటారా, వెంటిలేటర్ ఉందా, బండి ఎవరిది. ఒకరోజు స్వయంగా వెళ్ళి క్యాజువాలిటీలో అడిగి రా. పింజర కాటుకి గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష ఉంటుంది, అది అక్కడ చేస్తారా అని కూడా అడుగు. కాటుకి ఇచ్చే యాంటీవీనం గుర్రాల రక్తంలోంచి తయారవుతుంది, కొందరికి పడదు, నీకు ఆస్తమా గానీ అలర్జీ గానీ ఉంటే ముందే డాక్టరుకి చెప్పి ఉంచు. టీటీ ఇంజెక్షన్ వేయించుకో. ఎప్పటికైనా కోతుల పని చేస్తానంటే కాటు పడకముందే వేసే రేబిస్ టీకాలు మూడు డోసులు పూర్తి చెయ్యి. నిండు ప్యాంటు, మందపాటి బూట్లు లేకుండా పిలుపుకి పోనని అమ్మకి మాటివ్వు, ఒక్కడివీ పోనని ఇంకో మాటివ్వు.

ఇప్పుడు మాత్రం రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. పాముని అప్పజెప్పాక ఆ మిల్లు వెనక గోడ ఫోటోలు తీసి పంపు, కన్నాలు ఎక్కడెక్కడ మూయించాలో కలిసి చూద్దాం.